తర్రెం పిల్లల నిద్ర చెడనీయకండి

ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ ప్రాంతంలోని తర్రెం చుట్టుపక్కల 2005 తర్వాత ఘర్షణల్లో మూతపడ్డ బడులు మళ్లీ తెరుచుకుంటున్నాయి. సంతోషమే. కానీ పంతుళ్లారా, అధికారులారా, ఒక్కమాట వినండి. పోయిన ఏళ్ల చదువునంతా ఒక్క ఏడాదిలో ఎక్కించేయాలని తొందరపడితే, ఉన్న చదువు కూడా నిలవదు.

పగలు నేర్చింది రాత్రి గాఢనిద్రలో గట్టిపడుతుంది. చూసినదాన్నీ విన్నదాన్నీ మెదడు అప్పుడే మళ్లీ తిరగేసుకుంటుంది, పాతదానితో ముడివేసుకుంటుంది. 2004లో జర్మనీ పరిశోధకులు కొందరికి అంకెల పని ఒకటి ఇచ్చారు. అందులో ఒక అడ్డదారి ఉంది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మేలుకొని ఉన్నవాళ్లకంటే నిద్రపోయి వచ్చినవాళ్లలో రెట్టింపుకు పైగా మంది దాన్ని కనిపెట్టారు. కొత్త ఆలోచన కూడా అలా నిద్రలో మొలవవచ్చు.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. ఇప్పపూల కాలంలో తెల్లారకముందే అడవికి పోయే పిల్లకు అంత నిద్ర ఎక్కడిది? హాస్టల్లో తెల్లవారుజామునే లేపి పుస్తకం ముందు కూర్చోబెడితే ఇంకెక్కడిది?

మనసు తనకు తెలియకుండానే నేర్చే చదువు ఇంకోటుంది. ఇంటి ముందర తునికాకు కట్టే పిల్లను ఒకసారి చూడండి. 50 ఆకులకో కట్ట. పెదవి కదలదు, వేలు ఆగదు. ఆ లెక్క ఆమెకు ఎవరూ పాఠంగా చెప్పలేదు, అమ్మ పక్కన కూర్చునే వచ్చేసింది. అదే పిల్లను బడిలో ఐదు పదులెంత అని హిందీలో అడిగితే బిత్తరపోతుంది. ఇంట్లో మాట్లాడేది కోయ, దొర్ల. దయచేసి ఆమెకు లెక్క రాదని రాసేయకండి.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఆ పిల్లల్లోని భయం గురించే. 2021 ఏప్రిల్ 3న తర్రెం దగ్గరి అడవిలో మావోయిస్టులతో జరిగిన ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయారు. ఊళ్లూ ఇన్నేళ్లలో ఎందరినో పోగొట్టుకున్నాయి. తుపాకీ చప్పుళ్ల మధ్య పెరిగిన పిల్ల మనసు నిద్రలోనూ కాపలా కాస్తుంటుంది. దానికి పాఠం ఎక్కదు.

గుర్తులు కనిపెట్టండి. రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నాడా? పక్క తడుపుతున్నాడా? తలుపు చప్పుడుకే వణుకుతున్నాడా? నిన్న వచ్చిన అక్షరం ఇవాళ మరిచాడా? ఆటలోనూ నోరు విప్పడం లేదా? అది మొద్దుతనం కాదు. కొట్టకండి, నలుగురిలో నిలబెట్టకండి. బొమ్మలు గీయనివ్వండి, ఇంటి మాటలో కథ చెప్పనివ్వండి. వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టరుకు చూపించండి, ఆలస్యం చేయకండి.

తెలంగాణలోని మనకూ ఈ మాట వర్తిస్తుంది. భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లోని గొత్తికోయ గూడేల పిల్లలు బస్తర్ నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లే. వాళ్లు మన తెలుగు బడుల్లో మౌనంగా కూర్చుంటే పొగరనుకోకండి. రేపు పొద్దున పాఠం మొదలుపెట్టేముందు, రాత్రి నిద్ర పట్టిందా అని అడగండి. వాళ్ల మాటలో అడగండి.