మా ఉద్దానం చీటీలు కూడా లెక్కలోకి రావాలి

భారత వైద్య పరిశోధన మండలి డైరెక్టర్ జనరల్ గారికి,

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం, ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటల మధ్య ఊరు. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఊళ్లో నలుగురు కలిస్తే పంటల సంగతి అయ్యాక వచ్చే ప్రశ్న ఒకటే, "నీకెంతుంది?" అని. అడిగేది రక్తంలో క్రియాటినిన్ గురించి, కిడ్నీలు చెడేకొద్దీ పెరిగే అంకె అది. రెండులో ఉందంటే ఇంకా టైముందిలే అంటారు. ఐదు దాటిందంటే మాట మార్చేస్తారు.

మా తమ్ముడికి ఆ అంకె ఆరేళ్లపాటు పెరుగుతూనే వచ్చింది. వెళ్లిన ప్రతి ల్యాబులోనూ ఒక చీటీ చేతిలో పెట్టారు. ఆ చీటీలన్నీ వరసగా పేర్చి చూసి, "ఏడాదిలో డయాలసిస్ పడేలా ఉంది, ఇప్పుడే చేతికి ఫిస్టులా వేయించుకో" అని చెప్పినవాళ్లు లేరు. ఫిస్టులా అంటే డయాలసిస్ సూది కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసే దారి. వేశాక అది సూదికి పనికొచ్చేలా తయారవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వాడికి ఆ గడువు దొరకలేదు. అర్ధరాత్రి ఆయాసంతో తీసుకెళ్తే మెడలో గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు. తర్వాత ఆ గొట్టం దగ్గరే ఇన్‌ఫెక్షన్ పట్టింది. అందుకే, జబ్బు ఎంత వేగంగా ముదురుతుందో కృత్రిమ మేధ ముందే చెప్పగలదని చదివినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పరికరం మాకు కావాలి. కానీ అది మా జబ్బును చూసి నేర్చుకున్నదై ఉండాలి.

కిడ్నీలు ఎప్పటికి పూర్తిగా పాడవుతాయో అంచనా వేసే సూత్రం ఒకటి 2011లో కెనడా రోగుల వివరాలతో తయారైంది. వయసు, ఆడా మగా, కిడ్నీ వడపోత ఎంత, మూత్రంలో అల్బుమిన్ ఎంత అనే నాలుగింటితో రాబోయే రెండేళ్లకు, ఐదేళ్లకు ముప్పు లెక్కగడుతుంది. అల్బుమిన్ తక్కువుంటే ముప్పూ తక్కువని చూపిస్తుంది. షుగరుతో కిడ్నీలు చెడినవాళ్ల విషయంలో అది సబబే. మా దగ్గర కథ వేరు. ఉద్దానంలో చేసి 2019లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో వందకు సుమారు 18 మందికి కిడ్నీ జబ్బు కనబడింది. వాళ్లలో ఎక్కువమందికి షుగరు లేదు, బీపీ లేదు, మూత్రంలో చెప్పుకోదగ్గ ప్రొటీనూ పోవడం లేదు. అలాంటి మనిషిని ఆ సూత్రం ముందు కూర్చోబెడితే, ఫర్లేదు వెళ్లిరా అని పంపించేస్తుందేమోనని నా భయం.

కృత్రిమ మేధ కూడా పాత రికార్డుల దగ్గరే పాఠం నేర్చుకుంటుంది. ఆస్పత్రిలో ఉన్నవాళ్లకు కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినబోతోందని 48 గంటల ముందు దాకా పసిగట్టే నమూనాను డీప్‌మైండ్ సంస్థ 2019లో ప్రకటించింది. డయాలసిస్ దాకా వెళ్లిన కేసుల్లో 90 శాతాన్ని ముందే పట్టిందన్నారు. గొప్ప పనే. అయితే దానికి నేర్పింది అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లోని ఏడు లక్షల మంది రికార్డులతో. వాళ్లలో ఆడవాళ్లు వందకు ఆరుగురే. ఆడవాళ్ల విషయంలో దాని కచ్చితత్వం తగ్గుతోందని తర్వాత అక్కడి పరిశోధకులే తేల్చారు. మా మరదలు పలాసలో జీడిపప్పు కార్ఖానాకు వెళ్తుంది. ఈమధ్య ఆమె చీటీలో క్రియాటినిన్ 1.6 వచ్చింది. ఆ యంత్రం ముందు ఆమె ఎవరి లెక్కలోకి వస్తుంది?

ఇంకొకటి, లెక్కల టీచరుగా నన్ను నిద్రపోనివ్వనిది. మావాళ్లు పనుల కోసం చెన్నై, హైదరాబాద్ వెళ్లిపోతారు. కొందరు బస్సు చార్జీలకు లేక ఆస్పత్రికి రావడం మానేస్తారు. కొందరు ఇంట్లోనే పోతారు. రికార్డులో మాత్రం ఈ మూడు రకాలవాళ్లకీ ఒకే ఖాళీ గడి. వస్తూ ఉన్నవాళ్లను మాత్రమే చూసి నేర్చుకున్న యంత్రానికి ఈ జబ్బు ఉన్నదానికన్నా నెమ్మదైనదిగా కనబడుతుంది.

మీ సంస్థ 2023లో వైద్యంలో కృత్రిమ మేధకు నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. వివక్ష ఉండకూడదని, పనితీరు సరిచూసుకోవాలని అందులో రాశారు. ఆ మాట మా దగ్గర అమలు చేయించండి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి మొదలయ్యాయి కాబట్టి చోటు వెతకనక్కర్లేదు. ఊరూరా జబ్బున్నవాళ్ల పేర్లు రాయించి, మూడు నెలలకోసారి ఒకే పద్ధతిలో క్రియాటినిన్ చూడాలి. వలస వెళ్లినవాళ్లకు ఫోన్ చేయాలి, చనిపోయినవాళ్ల తేదీ ఎక్కించాలి. ఏ పరికరమైనా ముందు ఆ లెక్కల మీద నెగ్గాకే మా వాళ్ల మీద వాడాలి. అది చెప్పిన మాటను ఏఎన్ఎమ్మో డాక్టరో ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఫోన్లో మెసేజి పంపి వదిలేయకూడదు. ఆ అంకె బయటికి పొక్కితే ఇక్కడ పిల్లల పెళ్లి సంబంధాలు తప్పిపోతాయి. అలాగే, జబ్బు ఎటు పోతుందో తెలిసిపోతోంది కదా అని, అది ఎందుకు వస్తోందో వెతకడం ఆపవద్దు. నీళ్లా, ఎండలో చాకిరీయా, మందులా అన్నది ఇంకా తేలనే లేదు.

తమ్ముడి చీటీలు 31 నా దగ్గర ప్లాస్టిక్ కవర్లో తేదీల వారీగా ఉన్నాయి. ఆఖరి చీటీ తర్వాత వాడు పోయిన తేదీ నేనే ఒక కాగితం మీద రాసి పెట్టాను. మీ మనుషులు వస్తే ఇస్తాను. ఆ కాగితం కూడా ఎక్కించుకోమనండి.

ఇట్లు,
కవిటి మండలం నుంచి ఒక రిటైర్డ్ లెక్కల టీచరు