విలువిద్య నెత్తురులో ఉండదు

చెంచు పిల్లగాడు విల్లు పడితే చాలు, గురి దానంతట అదే కుదురుతుందని నమ్మేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. సభల్లో అదే మాట, పేపర్లలో అదే మాట: "వీళ్లకు విలువిద్య నెత్తురులోనే ఉంది." వినడానికి పొగడ్త లాగే ఉంటుంది. కానీ ఆ పిల్లగాడు సెలెక్షన్ మైదానంలో నిలబడి, అందరూ చూస్తుండగా చెయ్యి వణికి బాణం తప్పితే అవే నోళ్లు ఏమంటాయి? "వీడిలో ఆ నెత్తురు చచ్చిపోయింది" అంటాయి. గెలిస్తే అడవి గొప్ప, ఓడితే పిల్లగాడి తప్పు. నేర్పవలసినవాళ్ల బాధ్యత రెండు చోట్లా మాయమవుతుంది. ఈ పొగడ్తను మేము ఒప్పుకోము.

వణుకు ఏ జాతివాళ్లకైనా ఒకటే. పెద్ద మృగం కంటబడగానే గుండె దడదడ కొట్టుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, అరచేతులు చెమరుస్తాయి, వేళ్లు మాట వినవు. ఒంట్లో అడ్రినలిన్ పొంగితే జరిగేది ఇదే. అమెరికా వేటగాళ్లు దీనికి 'బక్ ఫీవర్' అని పేరే పెట్టుకున్నారు. కొమ్ముల దుప్పి ఎదురుపడితే వచ్చే జ్వరమన్నమాట. అది పోగొట్టుకోవడానికి వాళ్లు పుస్తకాలు చదువుతారు, శిక్షకుల దగ్గరికి పోతారు. వాళ్ల నెత్తురును ఎవరూ తప్పుపట్టరు. మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే వణుకు జాతికి మచ్చ అవుతుంది.

నల్లమల పెంటల్లో మన పెద్దలు భయమెరుగకుండా వేటాడారనుకోవడం కూడా తప్పే. గాయపడిన అడవిపంది తిరగబడితే ప్రాణం మీదికి వస్తుందని వాళ్లకు తెలుసు. ఎలుగు సంగతీ తెలుసు. అందుకే చిన్న విల్లుతో మొదలుపెట్టి ఏండ్ల తరబడి పెద్దల వెంట నడిచి నేర్చుకున్నారు. గాలికి ఎదురుగా నడవడం, మృగం తల దించి మేసేదాకా ఆగడం, దూరం ఎక్కువైతే బాణం వదలకుండా విల్లు దించుకోవడం, ఇవీ ఆ పాఠాలు. 1943లో చెంచుల మీద పుస్తకం అచ్చువేసిన హైమెన్‌డార్ఫ్, మనవాళ్ల తిండి ఎక్కువగా అడవి గడ్డలూ పండ్లేనని రాశాడు. అంటే వేట దొరకని రోజు మామూలు రోజే. తవ్వి తెచ్చిన గడ్డలతో పొయ్యి వెలిగేది. పరువంతా ఒక్క బాణం మీద ఆధారపడలేదు గనుకే చెయ్యి కుదురుగా ఉండేది.

ఆ బడి ఇప్పుడు మూతపడింది. 1972 వన్యప్రాణి చట్టం వేటను నేరం చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, గడ్డల వంటి ఫలసాయం మీద హక్కు ఇచ్చింది గాని వేటను స్పష్టంగా పక్కన పెట్టింది. మళ్లీ వేటకు పొమ్మని మేము అనడం లేదు. అమ్రాబాద్ పులుల అడవిలో కేసు పడితే దాన్ని మోసేది పేద కుటుంబమే. మేము అడిగేది ఇది: అడవిలో నేర్చుకునే దారి మూసేసి, బడిలో ఇంకో దారి తెరవకుండా, ఒక్కరోజు చేతికి విల్లు ఇచ్చి పరీక్ష పెట్టడం ఏం న్యాయం? పొదచాటున దగ్గరికి పోయి వేసే బాణం వేరు, ఒలింపిక్స్‌లో 70 మీటర్ల దూరాన వేసే బాణం వేరు.

రాజస్థాన్ ఆదివాసీ లింబారామ్ పేరు అందరూ చెబుతారు. అడవి నుంచి నేరుగా ఒలింపిక్స్‌కు పోయినట్టు చెబుతారు. 1987లో ఎంపికయ్యాక ఆయనకు శిక్షణ దొరికింది. ఆ తర్వాతే 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో ఆడాడు. 1992లో బీజింగ్‌లో 358 పాయింట్లతో ప్రపంచ రికార్డును సమం చేశాడు. మధ్యలో ఉన్న శిక్షణను మింగేసి కథ చెప్పడం మన పిల్లలకు చేసే ద్రోహం.

తోటి పంతుళ్లారా, "నువ్వు చెంచువు గదా, నీకెందుకు భయం?" అనే మాట మనం మానేద్దాం. వణుకు వస్తుందని ముందే చెబుదాం. మొదట గురి బొమ్మ లేకుండా, నాలుగడుగుల దూరంలో గడ్డిమోపు పెట్టి వేయిద్దాం. వదిలే ముందు ఊపిరి మెల్లగా బయటికి విడవడం అలవాటు చేద్దాం. కుదరలేదనిపిస్తే నారి సడలించి విల్లు దించమందాం. అలా దించినవాణ్ని మెచ్చుకుందాం. ముందు ఇద్దరు దోస్తుల ఎదుట, తర్వాత క్లాసు ఎదుట, ఆ తర్వాత ఊరి ఎదుట వేయిద్దాం. చెక్క విల్లుతోనే ఆడే ఇండియన్ రౌండ్ పోటీలు 30, 50 మీటర్లకు ఉన్నాయి. లక్షల ఖరీదు విల్లు వచ్చేదాకా ఆగనక్కరలేదు.

సర్కారును అడగవలసింది కూడా ఉంది. బడికి ఏకలవ్యుడి పేరు పెడితే సరిపోదు. ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఏడాది పొడవునా నేర్పే శిక్షకుడు కావాలి.

యువకులారా, అచ్చంపేటలో ఇంటర్వ్యూకు కూర్చున్నా, దేవరకొండలో మైకు ముందు నిలబడినా వచ్చేది ఈ వణుకే. దాన్ని చూసి మీ జాతిని శంకించుకోకండి. నేర్పమని అడగండి. నేర్పనివాళ్లను నిలదీయండి.