గాలి సోకలేదు, జబ్బు చేసింది

ఒళ్లు కాలితే మాత్ర, మనసు చెడితే తాయెత్తు! ఇదీ మన వైద్య విధానం. కరోనా తగ్గిన మనిషి నెలల తరబడి నిద్ర పట్టక, కారణం లేకుండా భయపడుతుంటే ఇంట్లోవాళ్లు గాలి సోకిందంటారు. జ్యోతిష్కుడు శని పట్టాడంటాడు. చదువుకున్న బంధువు మనోబలం లేదంటాడు. ముగ్గురి తీర్పూ ఒకటే: ఇది జబ్బు కాదు, డాక్టరు అక్కర్లేదు.

కానీ ఇది జబ్బే. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కోవిడ్ వచ్చిన 2,36,379 మంది వైద్య రికార్డులు పరిశీలించి 2021లో లాన్సెట్ సైకియాట్రీలో ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలల్లో సుమారు 34 శాతం మందికి మానసిక లేదా నాడీ సంబంధ వ్యాధి ఉన్నట్టు తేలింది. దాదాపు 13 శాతం మందికి అలా తేలడం అదే మొదటిసారి.

"ఆ రోజుల్లో అందరికీ దిగులే కదా, వైరస్‌ని ఎందుకు అనాలి?" అని అడగొచ్చు. హేతువాది అడగాల్సిన ప్రశ్నే. అందుకే వాళ్లు అదే కాలంలో ఫ్లూ వచ్చినవారితోనూ పోల్చారు. కోవిడ్ రోగుల్లో ముప్పు 44 శాతం ఎక్కువ కనిపించింది. అంతమాత్రాన ప్రతి కేసుకీ వైరసే కారణమని అనలేం. ఒంటరితనం, పోయిన ఉద్యోగాలు, ఇంట్లో చావులు కూడా కారణాలే. మహమ్మారి తొలి ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

ఇదేమీ కొత్త కాదు. 1918 ఫ్లూ తర్వాత మతి చలించిన రోగుల గురించి అమెరికన్ వైద్యుడు కార్ల్ మెనింజర్ 1919లోనే రాశాడు.

మనసంటే మెదడు చేసే పని. దెబ్బ వైరస్ కొట్టినా, ఒత్తిడి కొట్టినా తగిలేది అక్కడే. శరీరంతో సంబంధం లేని ఆత్మే మనసైతే, ముక్కులోంచి దూరిన వైరస్ దాన్నేం చేయగలదు?

ఈ భ్రమకి మూల్యం ప్రాణాలు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకి నయమవుతుందని తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు. ఏ దైవమూ ఆ గొలుసులు విప్పలేదు. 2017 చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. బుర్రలకున్న గొలుసుల సంగతో?

తప్పంతా జనానిదే అనను. మానసిక వ్యాధుల్లో రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని 2015-16 జాతీయ సర్వే తేల్చింది. డాక్టరు లేని చోట భూతవైద్యుడు ఉంటాడు. ఆ ఖాళీని నింపాల్సింది ప్రభుత్వం. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. ఫోన్ చేస్తే కోడిని కొయ్యమనరు, నిమ్మకాయలు తెమ్మనరు. ముందు అక్కడికి ఫోన్ చెయ్యండి.