చవక వేరు, పొదుపు వేరు

పిల్లలూ! ఇంట్లో బల్బు వెలగకపోతే మీరేం చేస్తారు? బల్బు మార్చి చూస్తారు. అంతేగాని ఇల్లు మార్చేద్దామని ఎవరూ అనరు కదా! మరి కంప్యూటరు వెలగకపోతే మాత్రం "దీని పని అయిపోయింది, ఇక కొత్తది కొనాల్సిందే" అని ఎందుకు అనేస్తాం?

ఈ మధ్య మా ఎదురింట్లో ఇదే జరిగింది. ఆ ఇంటి అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. వాళ్ళ నాన్నగారు ఎవరో వాడి అమ్మేసిన కంప్యూటరును తక్కువ ధరకు కొనిపెట్టారు. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. ఆ తర్వాత మీట ఎన్నిసార్లు నొక్కినా దీపం లేదు, ఫ్యాను చప్పుడు లేదు.

"తాతయ్యా, బోర్డు పోయిందట. బాగుచేయించడం దండగన్నాడు షాపతను. నాన్న పాతసామాన్ల వాళ్ళకి ఇచ్చేస్తానంటున్నారు" అంది ఆ అమ్మాయి, ఏడుపు ఆపుకుంటూ.

"షాపతను విప్పి చూశాడా అమ్మా?"

"లేదు తాతయ్యా, ఫోన్లోనే చెప్పాడు."

చూడకుండా చెప్పిన జబ్బును నమ్మకూడదు, మనిషికైనా, యంత్రానికైనా. కాబట్టి ఒక్కొక్కటే పరీక్షించాం. గోడ సాకెట్టులో టేబులు లైటు పెట్టి చూశాం, వెలిగింది. కరెంటు తీగ మార్చి చూశాం, లాభం లేదు. అప్పుడు ఎలక్ట్రానిక్స్ తెలిసిన మా అబ్బాయి ప్లగ్గు పీకేసి, మా కంప్యూటరులో పనిచేస్తున్న ఎస్.ఎం.పి.ఎస్.ను తెచ్చి దీనికి తగిలించాడు. ప్లగ్గు పెట్టి మీట నొక్కగానే ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. బోర్డు నిక్షేపంగా ఉంది! పోయింది ఒక్క ఎస్.ఎం.పి.ఎస్. మాత్రమే.

ఏమిటీ ఎస్.ఎం.పి.ఎస్.? స్విచ్ మోడ్ పవర్ సప్లై అన్నమాట. మన గోడ సాకెట్టులో వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటరులోని చిప్పులకూ డిస్కులకూ అది పనికిరాదు. వాటికి 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు కావాలి. గోడకూ బోర్డుకూ మధ్య ఈ మార్పు చేసిపెట్టే వంటవాడే ఎస్.ఎం.పి.ఎస్.

పూర్వం ఈ పనికి బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మరు వాడేవారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలే చేస్తుంది. అంత నెమ్మదిగా మారే కరెంటుకు పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కావాలి. ఎస్.ఎం.పి.ఎస్. ఒక ఉపాయం చేస్తుంది. వచ్చిన కరెంటును ముందుగా ఏకముఖంగా మార్చి, దాన్ని సెకనుకు కొన్ని పదుల వేలసార్లు తెంచి కలుపుతుంది. అంత వేగంగా మారే కరెంటుకు అరచేతిలో ఇమిడే ట్రాన్స్‌ఫార్మరు చాలు! 1977లో వచ్చిన ఆపిల్-2 కంప్యూటరుకు రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు ఈ పద్ధతిలోనే పవర్ సప్లై తయారుచేశాడు.

సరే, రోగం తెలిసింది. మందు కొనాలి. ఇక్కడే రెండో ప్రమాదం ఉంది.

ఆ అమ్మాయి నాన్నగారు బజారులో విచారించి వచ్చారు. ఒక పెట్టె మీద "450 వాట్లు" అని పెద్ద అక్షరాలు. ఇంకో దాని మీద "400 వాట్లు" అనే ఉంది గాని, ధర దాదాపు మూడు రెట్లు! "ఎక్కువ వాట్లు, తక్కువ ధర. ఇంకా ఆలోచన ఎందుకండీ?" అన్నారాయన.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని మీరు చదువుకున్నారు. ఎస్.ఎం.పి.ఎస్. పక్కన అంటించిన పట్టికలో ఏ దారిలో ఎన్ని ఆంపియర్లు వస్తాయో రాసి ఉంటుంది. ఇప్పటి కంప్యూటరు తనకు కావలసినదాంట్లో ఎక్కువ భాగం 12 వోల్టుల దారి నుంచే తీసుకుంటుంది. మొదటి పెట్టెలో ఆ దారికి 14 ఆంపియర్లు. అంటే 12 × 14 = 168 వాట్లు. రెండోదానిలో 30 ఆంపియర్లు. 12 × 30 = 360 వాట్లు! మొదటివాడు, కంప్యూటరు పెద్దగా వాడని 5, 3.3 వోల్టుల దారుల వాట్లన్నీ కూడి ముఖం మీద 450 వేసుకున్నాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే!

ఆ అమ్మాయి చురుకైనది. "తాతయ్యా, మా ప్రాసెసరుకు 65 వాట్లు, మిగతావాటికి ఇంకో 50 అనుకున్నా 115. మరి 168 చాలదా?" అని అడిగింది.

నిజమైన 168 అయితే చాలేది. కాని ముఖం మీద మాయ చేసినవాడు కడుపులో నిజం పెట్టాడని నమ్మకమేమిటి? మంచి ఎస్.ఎం.పి.ఎస్. 12 వోల్టులను ఎటుచూసినా నూటికి 5 కంటే ఎక్కువ తేడా రాకుండా, అంటే 11.4కూ 12.6కూ మధ్య ఉంచాలి. ఎక్కడైనా షార్టు అయినా, వోల్టేజి హద్దు మీరినా తనంతట తాను ఆగిపోవాలి. ధర తగ్గించడానికి కొందరు మొట్టమొదట తీసేసేది ఈ కాపలా భాగాలనే. అప్పుడు అది చస్తూ చస్తూ బోర్డునూ, డిస్కునూ, అందులోని మీ పాఠాలనూ వెంట తీసుకుపోతుంది.

ఇంకో లెక్క. కంప్యూటరుకు 80 వాట్లు కావాలనుకోండి. నూటికి 65 పాళ్ళ సామర్థ్యం ఉన్న ఎస్.ఎం.పి.ఎస్. గోడ నుంచి 123 వాట్లు లాగుతుంది. నూటికి 80 పాళ్ళ సామర్థ్యం ఉన్నది 100 వాట్లే లాగుతుంది. రోజుకు 5 గంటలు, ఏడాదికి 300 రోజులు వాడితే తేడా సుమారు 34 యూనిట్లు. ఆ తేడా అంతా వేడిగా మారుతుంది. వేడికి లోపలి కెపాసిటర్లు ఎండిపోతాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క.

"డబ్బున్నవాళ్ళకు ఎన్నయినా చెప్పవచ్చు, లేనివాళ్ళ మాటేమిటి?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నేను పొదుపు వద్దనడం లేదు. ఎక్కడ చేయాలో చెబుతున్నానంతే. పరీక్షించకుండా కొత్త కంప్యూటరు కొనకండి. అదే అన్నిటికంటే పెద్ద పొదుపు. 300 వాట్లు చాలినచోట 600 కొనకండి. రంగు దీపాలకు డబ్బు పోయకండి. పాత మంచి కంపెనీ ఎస్.ఎం.పి.ఎస్. దొరికితే, ఎన్నేళ్ళు వాడారో అడిగి, మన ఎదుట పరీక్షించి, కొన్నాళ్ళకైనా పూచీ ఇస్తే తీసుకోండి. 24 పిన్నుల కనెక్టరు, ప్రాసెసరుకు వెళ్ళే 4 లేక 8 పిన్నులది సరిపోతాయో ముందే చూసుకోండి. కొన్ని కంపెనీల ఆఫీసు కంప్యూటర్లకు కనెక్టర్లే వేరు. కాని కాపలా భాగాల దగ్గర మాత్రం పొదుపు వద్దు. తాళం మానేసి తలుపు కొనడం పొదుపు కాదు!

షాపతన్ని తిట్టి లాభం లేదు. మనం బజారుకు వెళ్ళి "ఎంత?" అని అడుగుతాం గాని "ఏమిటి?" అని అడగం. అడిగేవాళ్ళు లేనంతకాలం పెట్టె మీది అంకెలు పెరుగుతూనే ఉంటాయి.

ఒక్క హెచ్చరిక. ఎస్.ఎం.పి.ఎస్. డబ్బాను మీరెన్నడూ విప్పకండి. ప్లగ్గు పీకేశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రాణం తీయగల 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. మార్చే పని తెలిసిన పెద్దలదే. పాడైపోయినదాన్ని చెత్తకుండీలో వేయక, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నియమాలు ఉన్నది ఇందుకే.

ఎదురింటి కంప్యూటరు ఇప్పుడు హాయిగా పనిచేస్తోంది. వాళ్ళు 400 వాట్లదే కొన్నారు. కొత్త కంప్యూటరు ధరతో పోలిస్తే అది ఏపాటి?

మీరు కూడా ఇవాళే మొదలుపెట్టండి. మీ ఇంట్లోని ఫోను చార్జరు తీసి, దాని మీది చిన్న అక్షరాలు చదవండి. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే ఎన్ని వాట్లు? ఈ గుణకారం వచ్చినవాణ్ణి పెద్ద అక్షరాలు మోసం చేయలేవు.