హోప్ ద్వీపము – యాత్రికుల కర్తవ్యము

సెలవులు వచ్చినంతనే మోత్కూరు వంటి మెట్టయూళ్ళనుండియు కుటుంబములు సముద్రమును జూడబోవుట నేడు పరిపాటియైనది. చెరువు నిండినదినమునే పండుగగా నెంచు మనకు సముద్రదర్శనము గొప్ప వేడుకయే. కాకినాడ రేవునకు ఎదుట సుమారు 16 కిలోమీటర్ల పొడవున నున్న హోప్ ద్వీపమునకు పడవలపై పోయివచ్చువారు మనలోను గలరు. ఈ వేడుకను మేము నిరసింపము. కాని అచట నేమి చూచితిరని యడిగినచో ఇసుక, అలలు, ఫలహారము అని చెప్పి యూరకుండుట విద్యావంతులకు తగదని మా యభిప్రాయము. దేశమును ప్రేమింపగోరువాడు మొదట దానిని ఎరుగవలెను.

ఈ ద్వీపము గోదావరి కన్నబిడ్డ. నది మోసికొనివచ్చిన ఇసుకయు ఒండ్రును అలల తాకిడికి పోగై, గడచిన సుమారు 200 సంవత్సరములలో ఏర్పడినది. బాసరకడ తెలంగాణమును జొచ్చి భద్రాచలము మీదుగా పోవు నదియే దీనిని నిర్మించినది గనుక, ఇందు మన తెలంగాణపు మన్నును గలదు. ఈ ఇసుకకట్ట అడ్డుండుటచేతనే కాకినాడ రేవు పెద్ద అలలనుండి చాలవరకు రక్షింపబడుచున్నది. నదిపై ఆనకట్టలు పెరిగినకొలది డెల్టాకు జేరు ఒండ్రు తగ్గినది. తీరపు అంచులు పలుచోట్ల కోతపడుచున్నవి. ఆనకట్టనీటి విలువ మెట్టవారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. అయినను ఎగువను మనము పట్టియుంచినది దిగువను ఎవరికి కొరత యగుచున్నదో తెలిసికొనుట న్యాయము.

ద్వీపమునకును నేలకును నడుమ కోరంగి మడయడవులు గలవు. 1978లో సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యముగా ప్రకటింపబడినది. ఉప్పుబురదలో గాలి చొరదు. అందుచే మడచెట్టు తన వేళ్ళను మేకులవలె నేలపైకి లేపి ఊపిరి పీల్చును. ఆ వేళ్ళ నడుమనే రొయ్యలు, పీతలు, చేపపిల్లలు పెరుగును. చేపలను వేటాడ బావురుపిల్లియు నీటికుక్కయు వచ్చును. 1839లో వచ్చిన తుపాను కోరంగి రేవుపట్టణమును నాశనము చేసినది. అట్టి తీరమున అలల వేగమును విరుచు ఈ యడవి ఎంతటి రక్షయో వేరుగ జెప్పనక్కరలేదు.

జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రివేళ ద్వీపపు ఇసుకపైకి వచ్చి, గుంట త్రవ్వి, సుమారు నూరు గ్రుడ్లు పెట్టి, పూడ్చి, సముద్రమునకు మరలును. తల్లి తిరిగి వచ్చి చూడదు, పొదుగునది ఇసుకవేడియే. వేడి హెచ్చినచో ఆడుపిల్లలు, తగ్గినచో మగపిల్లలు అధికముగ బుట్టును. సుమారు 50 దినములకు వెలువడిన పిల్లలు నీటిమీది వెలుగును గురుతుగా గొని పరుగిడును. తీరమున దీపము వెలుగుచున్నచో అదియే సముద్రమని భ్రమించి, దారితప్పి నశించును. ట్రాలరు వలలో జిక్కిన తాబేలు ఊపిరికై పైకి రాలేక చచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము దీనికి మొదటి షెడ్యూలులో స్థానమిచ్చినది. కాని తూర్పుతీరమున చేపలకై విధించిన వేటనిషేధము ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగియును; అప్పటికి తాబేలు గ్రుడ్లు పెట్టు కాలము గడచిపోవును.

మత్స్యకారుని పొట్టకన్న తాబేలు ప్రాణ మెక్కువయా యని కొందరడుగుదురు. తగిన ప్రశ్నయే. మడయడవి చెడినచో మొదట ఆకలిగొనువాడు చిన్నపడవవాడే యని మా సమాధానము. వలనుండి తాబేలు తప్పించుకొనుటకు ద్వారముగల సాధనము కలదు. దానివలన పట్టు కొంత తగ్గినచో ఆ నష్టమును ప్రభుత్వము భరింపవలెను గాని పేదవానిపై మోపరాదు.

కావున మేము కోరునవి మూడు: తాబేళ్ళు వచ్చు మాసములందు ద్వీపమున రాత్రి బసయు దీపములును ఉండరాదు. ట్రాలర్లపై ఆ సాధనము కాగితముమీదగాక వలలయందు కనబడవలెను. యాత్రికులను గొనిపోవు పనియు తీరమును గాచు పనియు ఆ పల్లెలవారికే జీతమిచ్చి యప్పగింపవలెను.

ఇక యాత్రికుడు చేయవలసినది స్వల్పము. తాను గొనిపోయిన ప్లాస్టికు సీసాను తానే తిరిగి తెచ్చుకొనవలెను. వెంటనున్న పిల్లలకు మడవేరును జూపి అది యేల పైకి లేచినదో చెప్పవలెను. తిరిగివచ్చిన పిమ్మట పఠనమందిరమున నలుగురితో ఆ సంగతి ముచ్చటింపవలెను. అట్లు చేసిననాడు ఆ ప్రయాణపు ఖర్చు వ్యర్థము కాదు.