చారెడు కళ్లు

స్కాట్లాండ్‌లో ఎయిర్ పట్నం పక్కన ఆలోవే అని ఒక ఊరు. అక్కడో మట్టి ఇల్లు. విలియం బర్నెస్ అనే తోటమాలి ఏడున్నర ఎకరాలు కౌలుకు పట్టి, 1757లో తన చేతుల్తో కట్టుకున్నది. ఒకే గడ్డికప్పు కింద ఒక పక్క మనుషులు, ఇంకో పక్క పశువుల కొట్టం. 1759 జనవరి 25న వంటగదిలో, గోడకు గూడులా అమర్చిన పడకలో కొడుకు పుట్టాడు. కొద్ది రోజులకే తుఫాను గాలికి పక్కగోడ విరిగిపడింది. పచ్చి బాలింతనూ పసికందునూ చీకట్లోనే పొరుగింటికి చేర్చారు. ఆ పసికందే రాబర్ట్ బర్న్స్.

కవిత్వమంటే ప్రాణమనే మనం ఆ ఇంటిని ఏం చేశాం? 1781లో అది ఎయిర్ చెప్పులు కుట్టేవారి సంఘం చేతికి పోయింది, తర్వాత మందు అంగడి అయింది. 1818లో ఇంగ్లీషు కవి కీట్స్ వెతుక్కుంటూ వస్తే, అక్కడి తాగుబోతు ముసలాడి వాగుడు తప్ప ఇంకేం మిగల్లేదు. 1823కల్లా అదే ఊళ్లో మూడు వేల పౌండ్లకు పైగా పోసి గ్రీకు స్తంభాలతో స్మారకం లేపాం. ఇంటిని కొనడానికి మాత్రం 1881 దాకా ఆగాం.

అది స్కాట్లాండ్ వాళ్ల సంగతి, మనకేం అనుకుంటే తప్పించుకున్నట్టే. పాఠకుల కులం ఎక్కడైనా ఒకటే. 1796 జూలై 12న బర్న్స్, అప్పుకు జైల్లో వేస్తారన్న భయంతో, తన పాటలు అచ్చువేసే ఆయన్ని ఐదు పౌండ్లు, పెదతండ్రి కొడుకును పది పౌండ్లు అడుగుతూ ఉత్తరాలు రాశాడు. డబ్బు పంపారు. తొమ్మిదో రోజున మనిషి పోయాడు. చచ్చినవాడి కళ్లు చారెడని ఊరికే అనలేదు.

ఇల్లు కట్టినవాణ్ణయితే ఆ మాత్రమూ తలచుకోం. తర్వాత పట్టిన మరో పొలం మీద భూస్వామితో కౌలు తగాదా పై కోర్టు దాకా వెళ్లి, దాచుకున్నదంతా ఊడ్చుకుపోయాక, 1784లో విలియం గెలిచాడు. గెలిచి నెల తిరక్కముందే పోయాడు. మనం ఆ ఇంట్లోకి వెళితే పడక చూసి, ఫొటో తీసుకుని బయటికొస్తాం. ఆ మట్టి మెత్తిన చెయ్యి ఎవరిదని అడగం. అలాంటి కౌలుదారుల మట్టిళ్లు ఎన్నో, కవి పుట్టలేదన్న ఒక్క నేరానికి నేలలో కలిసిపోయాయి.

తప్పు మనదే. ఈసారి ఏ కవి ఇంటికి వెళ్లినా ముందు గోడ చూద్దాం. బతికున్న కవి పుస్తకం కనిపిస్తే, అరువడక్కుండా డబ్బిచ్చి కొందాం.