పిరికితనం కాదు, మనోవ్రణం

కాలికి గాయమైతే కట్టు కట్టే లోకం, మనస్సుకు గాయమైతే పిరికితనమని నిందిస్తుంది. ఇది అన్యాయమని నా దృఢాభిప్రాయం.

రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ బాంబర్ విమాన దళంలో పనిచేసిన పైలట్లు, ఇతర సిబ్బంది సుమారు 1,25,000 మంది. వారిలో 55,573 మంది మరణించారు. సాధారణంగా 30 దాడులు పూర్తయితేగాని విరామం లేదు. చేతులు వణికి, నిద్ర కరువై, ఇక ఎగరలేమన్న వారిలో కొందరికి 'నైతిక స్థైర్యం లేనివారు' అని ముద్రవేసి, రొమ్ముపై రెక్కల చిహ్నాన్ని తొలగించారు.

ఇటువంటి బాధను అమెరికా మనోవైద్యులు 1980లో ప్రత్యేక వ్యాధిగా గుర్తించారు. యుద్ధం ముగిసి ఏళ్లు గడిచినా పీడకలలు, ఉలికిపాటు, అకారణ కోపం, ఒంటరితనం వేధించడం దీని లక్షణాలు.

రోగాన్ని పెంచేవాటిలో విషాదమే ముఖ్యమని చరకుడు ఏనాడో చెప్పాడు. అహిత విషయాల నుండి మనస్సును మరల్చే సత్త్వావజయాన్ని మూడు చికిత్సలలో ఒకటిగా నిలిపాడు. మరల్చడమంటే బాధితుని నోరు నొక్కడం కాదని గ్రహించాలి.

రాత్రివేళ పాదాలకు నువ్వులనూనె మర్దన, గోరువెచ్చని పాలు, నియమిత నిద్రావేళలు కొంత హాయినిస్తాయి. ఇవే చాలునని మాత్రం నేననను. మనోవైద్యుని సంప్రదించడం అవసరం. ఆయన ఇచ్చిన మందులను సొంతంగా మానరాదు. మద్యంతో నిద్ర తెచ్చుకోవడం మరింత కీడు.

మీ ఇంట మాజీ సైనికుడుంటే, 'ధైర్యంగా ఉండండి' అని హితవు చెప్పకండి. ఆయన మాట్లాడదలచిన నాడు పక్కన కూర్చొని, అడ్డు చెప్పక వినండి.